నలభై దాటాక ఇండెక్స్ ఫండ్: ఎవరికి, ఎంత, ఏ డబ్బుతో

(2024-25 వార్షిక మహాసభలో సమాఖ్య పాలకవర్గం తరపున చేసిన ప్రసంగం)



జమాఖర్చులు, రికవరీ లెక్కలు ఇంతకు ముందే చదివి వినిపించారు. ఇప్పుడు మేము మాట్లాడేది ఎజెండాలో చివరి అంశం. ఈ ఏడాదంతా వి.ఓ. సమావేశాల్లో ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వచ్చింది. "టీవీలో, ఫోన్లో ఎక్కడ చూసినా నెలకు అయిదొందలు సిప్ వెయ్యమంటున్నారు. మాకు నలభై అయిదు దాటాయి, యాభై దాటాయి. ఇప్పుడు మొదలెడితే ఏమొస్తుంది? అసలు అది నమ్మదగ్గదేనా?" అని. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, సమాఖ్య నిధినే అందులో పెడితే పోలా అన్నారు.

ముందు ఆ నిధి సంగతి చెప్పేస్తాం. సమాఖ్య నిధి షేర్ మార్కెట్ వైపు పోదు. కార్యవర్గం కూర్చుని చర్చించి తీర్మానం రాసుకుంది. సంఘం డబ్బు మనలో మనకే రూపాయి వడ్డీకి తిరిగే డబ్బు. ఒక సభ్యురాలి ఇంట్లో ఆపరేషన్ అంటే రేపు పొద్దున్నే కావాల్సిన డబ్బు. ఆ వారం మార్కెట్ పడి ఉంటే, "ఆగమ్మా, లేచాక ఇస్తాం" అని ఆమెతో అనగలమా? పైగా మన సంఘాల్లో ఒకరికి ఇరవై అయిదేళ్ళు, ఒకరికి అరవై రెండు. అందరి డబ్బునూ కలిపి ఒకే రిస్కులో పెట్టే హక్కు మాకు లేదు. కాబట్టి ఇక మీదట చెప్పేదంతా ఎవరి సొంత పొదుపు గురించి వాళ్ళు ఆలోచించుకోవడానికే. ఇంకో మాట కూడా ఇప్పుడే చెబుతున్నాం. సమాఖ్య ఏ ఫండూ అమ్మడం లేదు. యానిమేటర్లకు గానీ మాకు గానీ దీంట్లో కమీషన్ లేదు. సమాఖ్య పేరు చెప్పి ఎవరైనా మీ గుమ్మంలోకి వచ్చి డబ్బు అడిగితే పైసా ఇవ్వొద్దు, వెంటనే మాకు కబురు చెయ్యండి.

ఇక ఇండెక్స్ ఫండ్ అంటే ఏమిటి? మన దేశంలో షేర్లు అమ్మి కొనే పెద్ద మార్కెట్లు రెండున్నాయి, రెండూ ముంబైలోనే. ఒక మార్కెట్ వాళ్ళు పెద్ద కంపెనీలు ముప్ఫైని కలిపి లెక్క వేస్తారు, దాని పేరు సెన్సెక్స్. ఇంకో మార్కెట్ వాళ్ళు యాభై కంపెనీలతో వేస్తారు, దాని పేరు నిఫ్టీ 50. టీవీ వార్తల్లో రోజూ వినే అంకెలు ఇవే. ఆ యాభై కంపెనీలూ మనకు తెలియనివేం కాదు. మనం వాడే సబ్బుల కంపెనీ హిందుస్థాన్ యూనిలీవర్ అందులో ఉంది. మన సంఘాల ఖాతాలు చాలా వరకు ఉన్న స్టేట్ బ్యాంకు ఉంది. ఫోన్ రీఛార్జి చేయించుకునే ఎయిర్‌టెల్, జియోను నడిపే రిలయన్స్, ట్రాక్టర్లు చేసే మహీంద్రా, పొగాకు కొనే ఐటీసీ, హైదరాబాద్ మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ ఉన్నాయి. రోజూ వాళ్ళకు మనం డబ్బు కడుతూనే ఉన్నాం. ఇండెక్స్ ఫండ్ అంటే ఆ యాభై కంపెనీల్లోనూ కొంచెం కొంచెం వాటా మన పేరున కొనిపెట్టే ఫండ్. మనం వేసిన అయిదొందలు యాభై ముక్కలై పెద్ద కంపెనీకి పెద్ద ముక్క, చిన్నదానికి చిన్న ముక్క చొప్పున వెళుతుంది. ఇప్పుడున్న లెక్కలో మూడో వంతుకు పైగా బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకే పోతుంది.

ఇందులో ఏ కంపెనీ బాగుంటుందో ఊహించి ఎంచే పెద్దమనిషి ఉండడు. జాబితాలో ఏముంటే అదే కొంటారు. ఏడాదికి రెండుసార్లు జాబితా సరిచూసి, చిక్కిపోయిన కంపెనీని తీసి ఎదిగినదాన్ని పెడతారు. ఎంచే మనిషికి జీతం అక్కర్లేదు కాబట్టి ఖర్చు తక్కువ. డైరెక్ట్ పద్ధతిలో తీసుకుంటే వంద రూపాయలకు ఏడాదికి పావలా అటూ ఇటూ. ఈ పద్ధతిని మామూలు జనం దగ్గరికి తెచ్చింది అమెరికాలో జాన్ బోగుల్ అనే ఆయన, 1976లో. అప్పుడు ఆయన్ని చూసి ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళే నవ్వారు.

ఒకే కంపెనీ షేరు కొనడానికి, ఇలా యాభై కలిపి కొనడానికి తేడా ఏంటంటే మన తెలుగువాళ్ళకు సత్యం కంప్యూటర్స్ కథ చాలు. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లెక్కలు దొంగవని ఉత్తరం రాశారు. ఆ ఒక్క రోజే షేరు ధర నూటికి డెబ్భై అయిదుకు పైగా పడిపోయింది. పిల్ల పెళ్ళికని ఆ షేర్లే కొనిపెట్టుకున్న ఇళ్ళు మునిగాయి. సత్యం అప్పటికి నిఫ్టీలోనూ ఉంది. నిఫ్టీ ఫండ్ ఉన్నవాళ్ళకు కూడా నష్టం వచ్చింది, కానీ యాభైలో దాని ముక్క మేరకే. వారం తిరక్కుండా దాన్ని జాబితాలోంచి తీసేశారు.

సరే, ఇది పెరుగుతుందా? నిఫ్టీ లెక్క 1995 నవంబరులో 1000 దగ్గర మొదలెట్టారు. 2025 మార్చి ఆఖరికి 23,500 దాటి ఉంది. చక్రవడ్డీ లెక్కన ఏడాదికి నూటికి పదకొండు పైన పడుతుంది. మనకు తెలిసిన భాషలో చెప్పాలంటే రూపాయి వడ్డీకి కాస్త తక్కువ. ఇది వినగానే ముందు వరుసలో అక్కలు మొహాలు చూసుకుంటున్నారు. ఇంతేనా, మన సంఘం అప్పు కూడా రూపాయి వడ్డీకే తిరుగుతోంది కదా అని. నిజమే. అందుకే సంఘం పొదుపు మానేసి ఇందులోకి రమ్మని మేము అనడం లేదు. కాకపోతే సంఘంలో మన పొదుపుకు ఒక హద్దుంది. ఆ పైన దాచుకునేది బీరువాలో చీరల మడతలోకో, సేవింగ్స్ ఖాతాలోకో పోతోంది. మేము మాట్లాడేది ఆ డబ్బు గురించి.

పెరిగిన సంగతి చెప్పి పడిన సంగతి చెప్పకపోతే మేమూ ఏజెంట్ల లెక్కే అవుతాం. 2008 జనవరిలో నిఫ్టీ 6,300 దాకా వెళ్ళి, అదే ఏడాది అక్టోబరుకి 2,500 దగ్గరికి దిగింది. పైన ఉన్నప్పుడు పదివేలు పెట్టినామెకు నాలుగు వేలు కనిపించాయి. 2010 నవంబరులో ఒకసారి ఆ 6,300ను తాకింది గానీ, దాటి నిలబడేసరికి 2014 వచ్చింది. అంటే ఆరేళ్ళు. కరోనా అప్పుడు, 2020 జనవరిలో 12,400 దగ్గర ఉన్నది మార్చి 23కి 7,600 అయింది. అదే ఏడాది నవంబరుకి మళ్ళీ పాత ఎత్తుకు వచ్చేసింది. 2024 సెప్టెంబరులో 26,000 దాటింది, 2025 మార్చి మొదట్లో 22,000 దగ్గరికి జారింది. ఇవన్నీ మన దేశం లెక్కలు. జపాన్ వాళ్ళ నిక్కీ అనే లెక్క 1989 ఆఖరులో ఉన్న ఎత్తును మళ్ళీ దాటింది ఎప్పుడో తెలుసా? 2024 ఫిబ్రవరిలో. ముప్ఫై నాలుగేళ్ళు. మనకూ అలా అవుతుందని కాదు, అవ్వదని ఎవరూ రాసివ్వలేరు. ఏడాదికి ఇంత గ్యారంటీ అని ఎవరైనా అన్నారంటే ఆ మనిషి అమ్మేది ఇండెక్స్ ఫండ్ కాదు, ఇంకేదో.

ఇప్పుడు వయసు సంగతికి వద్దాం. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం లేచి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చాక, అక్కడి ఆడవాళ్ళు రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలెట్టారు. ఆ గాలికే మన దగ్గరా సంఘాలు లేచాయి. అప్పట్లో కొత్త కోడళ్ళుగా చేరినవాళ్ళు ఇప్పుడు యాభై దాటారు. రూపాయి పొదుపుతో పిల్లల్ని చదివించారు, ఇళ్ళు లేపారు, గేదెలు కొన్నారు. కానీ వాళ్ళ పేరున ఏముంది అని అడిగితే? పొలం ఆయన పేరున, ఇల్లు మామగారి పేరున, బంగారం బ్యాంకులో తాకట్టున. అటల్ పెన్షన్‌లో చేరదామంటే నలభై దాటినవాళ్ళని చేర్చుకోరు. ముసలితనానికి మనకంటూ ఉండే డబ్బు గురించి ఈ వేదిక మీద ఇన్నేళ్ళలో గట్టిగా మాట్లాడింది తక్కువ.

నలభై అయిదేళ్ళ చెల్లెలు నెలకు అయిదొందల చొప్పున అరవై దాకా, పదిహేనేళ్ళు వేసిందనుకోండి. చేతి నుంచి పెట్టేది 90,000. ఏడాదికి పది శాతం చొప్పున పెరిగితే 2,09,000 అవుతుంది. పోస్టాఫీసు ఆర్.డి. లాంటిదాంట్లో ఆరు శాతం సగటు అనుకుంటే 1,46,000. పెట్టెలో పెడితే 90,000. కానీ పదిహేనేళ్ళకు ధరలు కూడా పెరుగుతాయి కదా. ఏడాదికి ఆరు శాతం చొప్పున పెరిగితే ఇవాళ వంద రూపాయల సరుకు అప్పటికి 240 అవుతుంది. ఆ లెక్కన పెట్టెలోని 90,000కు ఇవాళ్టి ధరల్లో 37,500 రూపాయల సరుకే వస్తుంది. పోస్టాఫీసు డబ్బుకు 61,000 సరుకు. ఫండ్ డబ్బుకు 87,000 సరుకు. చూశారా, లక్షాధికారులమైపోతామని కాదు. మన కష్టం కరిగిపోకుండా కాపాడుకోవడం, అంతే. అయిదొందలకు బదులు వెయ్యి వెయ్యగలిగితే రెట్టింపు అనుకోండి.

ఇదే అయిదొందలు ఇరవై అయిదేళ్ళ కోడలు మొదలెట్టి అరవై దాకా వేస్తే, అదే పది శాతం లెక్కన 19 లక్షలు దాటుతుంది. కాబట్టి ఇంట్లో కూతురు గానీ కోడలు గానీ ఉంటే ఈ కాగితం వాళ్ళ చేత కూడా చదివించండి.

అలాగని యాభైలో ఉన్నవాళ్ళు పాసింజరు వెళ్ళిపోయిందని కూర్చోవాల్సిన పనిలేదు. అరవై వచ్చిన రోజునే డబ్బంతా ఖర్చు పెట్టెయ్యం కదా. అరవై దాటాక కూడా పద్దెనిమిది, ఇరవై ఏళ్ళు బతుకుంటుంది. మగవాళ్ళకంటే మనం ఎక్కువ ఏళ్ళు ఉంటాం, అందులో చాలామందిమి చివరి ఏళ్ళు ఒంటరిగానే గడుపుతాం. డెబ్భై అయిదేళ్ళప్పుడు మందులకు కావాల్సిన డబ్బుకు ఇవాళ యాభై ఏళ్ళ మనిషికి కూడా పాతికేళ్ళ గడువుంది. ఆ గడువున్న డబ్బే ఇండెక్స్ ఫండ్‌లో ఉండాలి. రెండేళ్ళలో పిల్ల పెళ్ళి ఉంటే ఆ డబ్బు అందులో పెట్టకూడదు. వచ్చే ఏడు స్లాబు వెయ్యాలంటే ఆ డబ్బూ పెట్టకూడదు. కనీసం పదేళ్ళు ముట్టుకోకుండా ఉండగలమా అని ఎవరికి వాళ్ళు అడిగి చూసుకోవాలి.

ఇక ఎవరు మొదలెట్టకూడదో కూడా చెబుతాం. బయట మూడు రూపాయల వడ్డీకి అప్పుంటే ముందు అది తీర్చండి. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి ముప్ఫై ఆరు. ఆ అప్పు తీర్చడం కంటే ఎక్కువ లాభం ఏ ఫండూ ఇవ్వదు. ఆ అప్పు ఉంచుకుని సిప్ వెయ్యడమంటే చిల్లు కుండలో నీళ్ళు పొయ్యడమే. తాకట్టు బంగారమూ అంతే, ముందు విడిపించుకోండి. తర్వాత మూడు నెలల ఇంటి ఖర్చు, ఆస్పత్రికి అత్యవసరమైతే ఇంత అని, బ్యాంకులో ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉండాలి. ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా డెబ్భై ఏళ్ళ దాకా ఉంటుంది, 436 రూపాయల జీవన్ జ్యోతి బీమాలో యాభై లోపు చేరొచ్చు. ఈ రెండూ ఇంకా లేనివాళ్ళు మనలో ఉన్నారంటే మాకు నమ్మబుద్ధి కావడం లేదు, కానీ ఉన్నారు. ఇవన్నీ అయ్యాక మిగిలిన పొదుపులో, నాలుగు రూపాయలుంటే ఒక రూపాయి, మహా అయితే రెండు ఇందులో పెట్టొచ్చని మా అభిప్రాయం. మిగతావి పోస్టాఫీసులో, బ్యాంకులో ఉండనివ్వండి. యాభై అయిదు దాటి కొత్తగా మొదలెట్టే అక్కలకు ఒక రూపాయికి మించి వద్దంటాం.

బంగారం మాటేమిటని అడుగుతారు, అడగాల్సిందే. 2025 ఏప్రిల్లో పది గ్రాములు లక్ష రూపాయల దాకా పోయింది. పదేళ్ళ కిందట కొన్నామె నవ్వుతోంది, ఇవాళ కొనాల్సినామె ఏడుస్తోంది. బంగారం మీద మాకు కోపం లేదు. పొద్దున తాకట్టు పెడితే మధ్యాహ్నానికి డబ్బు చేతిలో ఉంటుంది, ఆ సుఖం ఫండ్‌లో లేదు. కానీ తరుగు, మజూరీ అని కొన్నప్పుడే కొంత పోతుంది. నగగా ఉన్నది ఇంట్లో అందరి కంటా పడుతుంది, ఎవరి అవసరానికైనా ముందు మన మెడలోదే దిగుతుంది. ఆ సంగతి మీకు మేము చెప్పాలా?

మొదలెట్టడానికి కావాల్సినవి పాన్ కార్డు, ఆధార్, మీ ఒక్కరి పేరున ఉన్న బ్యాంకు ఖాతా. సంఘం ఖాతా పనికిరాదు. అన్నిటికంటే ముఖ్యం ఫోన్ నంబరు. చాలామంది ఆధార్‌కి, బ్యాంకుకి కొడుకు నంబరో, ఆయన నంబరో ఇచ్చి ఉన్నారు. ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తే తాళం చెవి వాళ్ళ దగ్గర ఉన్నట్టే. ముందు మీ సేవకో ఆధార్ కేంద్రానికో వెళ్ళి మీ సొంత నంబరు ఎక్కించుకోండి. ఇంట్లో చెప్పకుండా చెయ్యమని కాదు. అందరికీ చెప్పి, నంబరు మాత్రం మీదే పెట్టుకోండి. నామినీ కాలమ్ ఖాళీగా వదలొద్దు.

ఫండ్ కంపెనీ ఆఫీసుకు వెళ్ళి గానీ, ఆ కంపెనీ సొంత యాప్‌లో గానీ చేరొచ్చు. పేర్లలో తికమక ఉంది. "ఇండెక్స్" అని రాసి ఉన్నవన్నీ మనం చెప్పుకున్నవి కావు. చిన్న కంపెనీల ఇండెక్స్ ఉంది, ఒక్క ఐటీ కంపెనీల ఇండెక్స్ ఉంది. అవి ఇంకా ఎక్కువ ఊగుతాయి. పేరులో నిఫ్టీ 50 అనో, సెన్సెక్స్ అనో స్పష్టంగా ఉండాలి. పక్కన "డైరెక్ట్", "గ్రోత్" అనే రెండు మాటలు ఉన్నాయా అని చూడండి. "రెగ్యులర్" అని ఉంటే మధ్యవర్తి కమీషన్ ఏటా మన డబ్బులోంచే పోతుంది. ఒక్క ఫండ్ చాలు. నాలుగు కంపెనీల నిఫ్టీ ఫండ్లు కొన్నా లోపల అవే యాభై. బ్యాంకుకు వెళ్ళి ఫండ్ అని అడిగితే కొన్నిచోట్ల బీమా కలిపిన పాలసీ చేతిలో పెడతారు. సంతకం పెట్టే ముందు కాగితం మీద బీమా, ప్రీమియం అనే మాటలుంటే లేచి వచ్చెయ్యండి. డబ్బు ఎప్పుడూ మీ ఖాతా నుంచి ఫండ్ ఖాతాకు నేరుగా పోవాలి, మనిషి చేతికి నగదు ఇవ్వకూడదు.

సిప్ తేదీ మీ చేతికి డబ్బు అందే రోజు చూసి పెట్టుకోండి. పాల బిల్లు వచ్చే తేదీ ఒకటి, కూలి డబ్బు చేరే తేదీ ఒకటి. ఆ రోజు ఖాతాలో డబ్బు లేకపోతే ఫండ్ వాళ్ళు ఏమీ అనరు గానీ బ్యాంకు జరిమానా వేస్తుంది. ఒక నెల కుదరదని ముందే తెలిస్తే ఆపుకునే వీలుంది. వ్యవసాయం మీద బతికేవాళ్ళకు ప్రతి నెలా అనేది కష్టమే, పంట డబ్బు వచ్చినప్పుడు ఏడాదికి రెండుసార్లు వేసినా తప్పు లేదు. తీసుకోవాలంటే అడిగిన రెండు మూడు పనిదినాల్లో ఖాతాలో పడుతుంది. ఏడాది దాటాక తీస్తే, ఏడాదికి లక్షా పాతికవేల లాభం దాకా పన్ను లేదు, కాబట్టి మనలో చాలామందికి ఆ బెడద రాదు.

మార్కెట్ పడినప్పుడే అసలు పరీక్ష. అయిదొందలకు పది యూనిట్లు వచ్చే చోట పన్నెండో పదమూడో వస్తాయి, అది మనకు మేలే. కానీ కళ్ళ ముందు డబ్బు తగ్గుతుంటే రాత్రి నిద్ర పట్టదు. నిద్ర పట్టనంత పెట్టకండి. రోజూ ఫోన్లో చూడకండి కూడా. అరవై దగ్గర పడుతుంటే, యాభై ఏడు నుంచే ఏటా కొంత తీసి పోస్టాఫీసు వైపు మళ్ళించుకోవాలి. అరవై నిండినవాళ్ళకు అక్కడ సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం ఉంది, 2025లో 8.2 శాతం ఇచ్చారు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికి వస్తుంది.

ఇంకో విషయం, ఇది తల్లులుగా వినండి. మన కుర్రాళ్ళు ఫోన్లో చేసే "ట్రేడింగ్" ఇది కాదు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ అని ఆడేవాళ్ళలో నూటికి 93 మంది నష్టపోయారని మార్కెట్‌ని అదుపు చేసే సెబీ సంస్థే 2024లో లెక్క చెప్పింది, మూడేళ్ళలో పోయింది 1.8 లక్షల కోట్లు. మీ కొడుకు "అమ్మా, నీ సిప్ తీసి నాకియ్యి, నెలలో రెట్టింపు చేస్తా" అంటే ఏం చెప్పాలో మీకు తెలుసు. వాట్సాప్‌లో టిప్స్ ఇస్తామని గ్రూపులో చేర్చేవాళ్ళు, లింకు పంపేవాళ్ళు దొంగలే అనుకోండి. అనుమానం ఉంటే యానిమేటర్‌కి చూపించండి, డబ్బు పంపాక కాదు, ముందే.

వచ్చే నెల నుంచి ప్రతి వి.ఓ. సమావేశంలో అరగంట దీనికి కేటాయిస్తున్నాం. వచ్చేటప్పుడు పాన్, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం తెచ్చుకుంటే ఫోన్ నంబర్లు, నామినీ వివరాలు సరిచూస్తాం. బయట అప్పులున్నవాళ్ళు వడ్డీతో సహా కాగితం మీద రాసుకుని రండి, వాటిని సంఘం అప్పులోకి మార్చే వీలుందేమో ముందు అదే మాట్లాడతాం. ఇప్పుడు ప్రశ్నలున్నవాళ్ళు లేచి అడగండి. వెనక వరుసల వాళ్ళకు మైకు పంపిస్తున్నాం.